మొదటి దెబ్బ ఉచితం

నేను ఒక మనిషిని ఏడేళ్ళపాటు శ్రద్ధగా ద్వేషించాను. శ్రద్ధగా అనే మాట ఆలోచించే వాడుతున్నాను. కోపం అందరికీ వస్తుంది, నాలుగు రోజులుండి పోతుంది. నాది అలా పోనిచ్చే రకం కాదు. పొద్దున కాఫీ తాగుతూ దాన్ని గుర్తు చేసుకునేవాణ్ణి. హైవే మీద అతని కొట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడు కారు కాస్త నెమ్మది చేసి, యార్డులో ఎన్ని కార్లు అమ్ముడుపోకుండా నిలబడ్డాయో చూసుకుని, ఆ తృప్తితో పనిలోకి వెళ్ళేవాణ్ణి.

ఆ పగ తీర్చుకోవడానికి నాకు ఒక జపాన్ కార్ల కంపెనీ అక్కరకొచ్చింది. మోటారుసైకిళ్ళు అమ్ముకునే ఆ కంపెనీ అమెరికా మొత్తం ఎలా పాకిందో పెద్దవాళ్ళు పుస్తకాల్లో రాసే ఉంటారు. నేను చూసింది న్యూజెర్సీలో ఒక హైవేకి ఈ పక్కన ఒక కొట్టు, ఆ పక్కన ఒక కొట్టు. అంతవరకే చెప్పగలను.

మా ఆవిడ నర్సు. ముందు ఆమె వచ్చింది, తర్వాత నలభైకి దగ్గరపడిన వయసులో నేను వచ్చాను. నాకు పదో తరగతితో చదువు ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఆగలేదు. బెజవాడ ఆటోనగర్లో లారీ విడిభాగాల షాపులో పనిచేసేవాణ్ణి. ఏ రోడ్డు మీద తిరిగే లారీకి ఏ సామాను ఎప్పుడు అరుగుతుందో చూసి చూసి, వచ్చే నెలకి ఏం తెప్పించాలో ముందే చెప్పేవాణ్ణి. లారీ కొన్న ప్రతివాడికీ ముహూర్తం కావాలి గనక, షాపు గోడకి తగిలించిన పంచాంగం చూడటం కూడా అక్కడే పట్టుబడింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తప్పు చెప్తే లారీ వాళ్ళు ఊరుకోరు, అందుకని వచ్చింది.

ఇక్కడ నాకు దొరికిన మొదటి ఉద్యోగం కూడా అలాంటిదే. పొడుగాటి అమెరికన్ కార్లు అమ్మే డీలర్ దగ్గర విడిభాగాల గది. డీలర్ ఆరడుగుల మనిషి. ఎండాకాలం, చలికాలం అని లేకుండా తెల్లబూట్లు వేసుకునేవాడు. యార్డు మధ్యలో తాటిచెట్టంత స్తంభం పాతించి దాని మీద దుప్పటంత జెండా ఎగరేశాడు. పేరు పెట్టడం ఇష్టం లేదు కాబట్టి తెల్లబూట్లాయన అంటాను. ఆ 'ఆయన' అలవాటు కొద్దీ వచ్చింది, గౌరవంతో కాదు.

నేను చేరిన కొద్ది నెలలకే పెట్రోలు కరువొచ్చింది. నంబరు ప్లేటు చివర సరిసంఖ్య ఉంటే ఒక రోజు, బేసిసంఖ్య ఉంటే ఇంకో రోజు. యార్డులో కార్లకి పెట్రోలు పట్టించడానికి నన్ను పంపేవాడు. ఆ పొడుగాటి కారులో బంకు ముందు గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. వరసలో నిలబడి ఉండగానే అది సగం తాగేసేది. నా ముందు, వెనకా అగ్గిపెట్టెల్లాంటి జపాన్ కార్లు ఉండేవి. వాటి వాళ్ళు కొద్దిగా పోయించుకుని, డబ్బులిచ్చి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. కూర్చున్నచోటే నేను లెక్క కట్టాను. ఆ నెలలోనే మా ఆవిడకి ఒక పసుపురంగు అగ్గిపెట్టె కొన్నాను, పాతది.

తెల్లబూట్లాయన కొట్టులో ఒక రూలుండేది. బయటిదేశం కారులో వచ్చే పనివాడు దాన్ని కంచె లోపల పెట్టకూడదు. రోడ్డు పక్క గడ్డిలో పెట్టుకోవాలి. మా ఆవిడకి సెలవున్న రోజున నేను ఆ కారులో వెళ్ళేవాణ్ణి. మంచు పడ్డప్పుడు మంచు తోసే బండి వచ్చి, రోడ్డు మీది మంచంతా తెచ్చి దాని మీద పోసేది. సాయంత్రం పార పట్టుకుని తవ్వుకునేవాణ్ణి. లోపల్నుంచి సేల్స్ వాళ్ళు కాఫీ కప్పులతో చూసేవాళ్ళు. అదీ ఓర్చుకున్నాను. జీతం ఇస్తున్నాడు కదా అనుకున్నాను.

ఆ తర్వాతి వసంతానికి పొడుగు కార్లు కదలడం మానేశాయి. సేల్స్ వాళ్ళలో సగం మందిని తీసేశాడు. అప్పుడు ఆయనకో ఆలోచన వచ్చింది. ఎక్కడి నుంచో ఒక ముసలి జపాన్ కారు తెచ్చి యార్డు మధ్యలో జెండా కింద నిలబెట్టాడు. అదే కంపెనీది, మా ఆవిడ కారులాంటిదే. రంగు మాత్రం ఆకుపచ్చ. పక్కన ఒక సమ్మెట పెట్టాడు. డాలరిచ్చిన వాళ్ళు ఒక దెబ్బ వేయొచ్చు, ఆ డబ్బు ఊరి ఫైరింజను వాళ్ళకి. ఆదివారం పూట పిల్లాపాపలతో జనం వచ్చారు. ఒక పక్క సాసేజీలు కాలుస్తున్నారు.

ఎవరో వచ్చి, ఆయన పిలుస్తున్నాడంటే విడిభాగాల గదిలోంచి బయటికొచ్చాను.

"అదిగో, మన జపానోడు వచ్చాడు," అన్నాడు మైకులో.

"నేను ఇండియా నుంచి వచ్చాను సార్," అన్నాను.

"అదీ అక్కడెక్కడో దగ్గరేగా."

జనం నవ్వారు. అప్పటికి నేను జపాన్ మనిషిని కళ్ళతో చూడనైనా లేదు.

సమ్మెట నా చేతిలో పెట్టాడు. "మొదటి దెబ్బ నువ్వు వెయ్యి. నువ్వు ఎవరి పక్షమో అందరూ చూస్తారు. నీకు ఉచితం."

నేను ఆ కారు వంక చూశాను. ముందు అద్దం మీద ఏదో ఆసుపత్రి పార్కింగ్ స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంది. ఏ నర్సో, ఏ ఆయానో తోలుకున్న కారు.

"మా ఆవిడ ఇలాంటి కారులోనే డ్యూటీకి వెళ్తుంది సార్. నేను కొట్టను," అని సమ్మెట నేల మీద పెట్టేశాను.

మైకు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. గట్టిగా అరవలేదు. "అయితే పోయి ఆ బైకుల కొట్టులో చేరు. నీకు సరిపోతుంది. ఎక్కువ రోజులు కాదులే. ఇంకొన్నాళ్ళకి ఆ గుడిసె కూడా నేనే కొంటాను. కొన్న రోజు మళ్ళీ నిన్ను గేటు దాకా నేనే దిగబెడతాను."

తర్వాత సమ్మెట తీసుకుని మొదటి దెబ్బ తనే వేశాడు. కారు పైకప్పు గిన్నెలా లోపలికి పోయింది. నేను కంచె వెంబడి నడిచి గడ్డిలో ఉన్న పసుపు కారు దగ్గరికి వెళ్ళాను. తాళం తీస్తున్నంతసేపూ వెనక దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. చప్పట్లు కూడా.

ఇంటికి వెళ్ళి చెప్తే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ వింది.

"ఒక దెబ్బ ఏసేస్తే పోయేదిగా. పాత డొక్కేగా అది," అంది.

"నువ్వైతే వేసేదానివా?"

గరిటె గిన్నెలో పెట్టింది. "నేనైతే ఆయన్నే ఏసేదాన్ని," అంది. "సరేలెండి, తినండి. నా జీతం ఉంది."

అన్నం తిన్నాను. ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

బైకుల కొట్టు హైవేకి అవతలి పక్క, కొంచెం కిందికి ఉంటుంది. దాని యజమాని ముసలాయన. ఇరవై ఏళ్ళుగా ఆ జపాన్ కంపెనీ మోటారుసైకిళ్ళు, గడ్డి కోసే మిషన్లు అమ్మేవాడు. కొన్నేళ్ళ కిందట కంపెనీ వాళ్ళు వచ్చి, మేం కార్లు కూడా చేస్తున్నాం, ఒకట్రెండు పెట్టుకుని చూడు అన్నారట. మొహమాటానికి పెట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి కారు పక్కన బైకు, బైకు పక్కన గడ్డి మిషను, అన్నీ ఒకే రేకుల షెడ్డులో ఉన్నాయి.

"కార్లు అమ్మావా ఎప్పుడన్నా?" అన్నాడు.

"లేదు. ఎప్పుడు ఏం కావాలో చెప్పగలను."

"చీపురు పట్టడం వచ్చా?"

"వచ్చు."

"ముందు అది చెయ్యి. కంపెనీ వాళ్ళొచ్చినప్పుడు మొట్టమొదట బాత్రూమే చూస్తారు."

అది తమాషాకి అన్నాడనుకున్నాను. కాదు. కంపెనీ ప్రాంతీయ ఆఫీసు నుంచి వచ్చిన జపాన్ ఆయన నిజంగానే నేరుగా బాత్రూములోకి వెళ్ళి, చేతులు కడుక్కుని, మూలల్లోకి తొంగిచూసి, అప్పుడు వచ్చి కూర్చున్నాడు. సన్నటి మనిషి, నా ఈడువాడే. నన్ను జపానోణ్ణి చేసిన దేశంలో నేను చూసిన మొదటి జపాన్ మనిషి అతనే. కొంచెం ఎక్కువసేపే చూసి ఉంటాను. మొహమాటపడి నవ్వాడు. ముసలాయనని ఒకటే అడిగాడు: పోయిన నెల మేమిచ్చిన కార్లు ఎన్ని రోజులు ఇక్కడ నిలబడ్డాయి? ఎంత లాభం వచ్చిందని అడగలేదు. అది నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆ తర్వాత ఏడాది రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని, జపాన్ నుంచి వచ్చే కార్లకి హద్దు పెట్టాయి. కావలసినవాళ్ళు ఎక్కువ, కార్లు తక్కువ. జపాన్ కార్లమ్మే డీలర్లకి పండగే పండగ. స్టిక్కరు మీద ఉన్న ధర పక్కనే ఇంకో స్టిక్కరు అంటించడం మొదలుపెట్టారు. తుప్పు పట్టకుండా పూత అని, పక్కన గీతలని, కాళ్ళకింద పట్టాలని ఏవేవో తగిలించి ధర పెంచేవాళ్ళు. ముసలాయన కూడా అలాంటి స్టిక్కర్లు అచ్చు వేయించుకొచ్చాడు.

నేను వద్దన్నాను. కంపెనీ కోటా పంచే పద్ధతి అప్పటికి నాకు అర్థమైంది. ఎవరి దగ్గర కారు త్వరగా కదులుతుందో, వచ్చే నెల వాళ్ళకి ఎక్కువ కార్లిస్తారు. ఎక్కువ ధర పెడితే కొనేవాడు ఆలోచిస్తాడు, ఇంకో కొట్టుకి వెళ్ళి వస్తాడు. ఆ నాలుగు రోజులూ కారు యార్డులో నిలబడుతుంది. అది నిలబడ్డ ప్రతి రోజూ మన వచ్చే నెల కార్లు వేరేవాడి యార్డుకి పోతాయి. ఉన్న ధరకే అమ్మి, దిగిన రోజే పంపేద్దాం అన్నాను.

ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అందరూ ఎక్కువ తీసుకుందాం అంటుంటే నువ్వు వద్దంటున్నావు. ఇందులో నీకేంటి?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "అటు పక్క జెండా దిగడం చూడాలి," అన్నాను.

పకపకా నవ్వాడు. "ఇంతసేపూ నాకు మేలు కోరి చెప్తున్నావేమోనని భయపడ్డాను. ఇదైతే నమ్మొచ్చు." ఆ స్టిక్కర్ల కట్ట తీసుకెళ్ళి పొయ్యిలో వేశాడు.

దిగిన రోజే కారు పంపాలంటే, దిగకముందే కొనేవాళ్ళు సిద్ధంగా ఉండాలి. మా ఆవిడ ఆసుపత్రిలో తెలుగు డాక్టర్లున్నారు. వాళ్ళకి తెలిసిన ఇంజినీర్లున్నారు. ఆదివారాలు ఎవరింట్లోనో భోజనాలకి కలిసేవాళ్ళం. ఎవరికి ఎప్పుడు కారు కావాలో, ఇంట్లో రెండో కారు ఎవరడుగుతున్నారో అక్కడే తెలిసిపోయేది. నేను రాసుకునేవాణ్ణి కాదు. అన్నీ తలలోనే ఉండేవి.

"అన్నా, మనోళ్ళకి ఎంత తగ్గిస్తవ్?" అని వరంగల్ వైపు ఇంజినీరొకడు ప్రతిసారీ అడిగేవాడు.

"తగ్గదు తమ్ముడూ. పెరగదు కూడా. పక్క ఊళ్ళో కనుక్కుని రా."

"కనుక్కునే వచ్చిన. వాడు కాళ్ళపట్టాలకే సగం జీతం అడుగుతుండు. ఈ పట్టాలేమన్న పట్టుపట్టాలానే అన్నా?"

"అయితే పేరు చెప్పనా?"

"చెప్పు. కలర్ మాత్రం బ్లాక్ వద్దు, మా అమ్మ తిడతది."

ఇలా రెండేళ్ళు గడిచేసరికి మాకు గడ్డి మిషన్లు పెట్టుకునే చోటు లేకుండా పోయింది. కార్లు లారీల్లో రావడం, దించిన పూటే వెళ్ళిపోవడం. తెల్లబూట్లాయన జెండా కింద నించుని చూసేవాడు. నేను చూశానని తెలిసేలా నేనూ చూసేవాణ్ణి.

కానీ ఆయన ఊరికే చూస్తూ కూర్చోలేదు. ఒకరోజు జపాన్ ఆయన మొహం అదోలా పెట్టుకుని వచ్చాడు. బాత్రూము చూసి వచ్చి ముసలాయనతో నెమ్మదిగా చెప్పాడు. కంపెనీ పెద్దదవుతోంది, రేకుల షెడ్డులు ఇక కుదరవు. రోడ్డుకి అవతలి డీలర్ దరఖాస్తు పెట్టుకున్నాడు. పెద్ద బిల్డింగు ఉంది, డబ్బుంది, నీ కొట్టు కొంటానంటున్నాడు. పై ఆఫీసులో కొందరికి అది నచ్చింది. ఈ నెలాఖరు లెక్కల్లో నువ్వు ఈ ప్రాంతంలో అందరికన్నా ముందుంటే, నీకే బిల్డింగు కట్టుకోడానికి గడువు ఇప్పిస్తాను. లేకపోతే నేను మాట్లాడటానికి ఏమీ ఉండదు.

ముసలాయన మోకాళ్ళు రుద్దుకున్నాడు. జపాన్ ఆయన వెళ్ళాక నాతో అన్నాడు. "నాకు ఓపిక లేదు. వచ్చే నెల మొదటి తారీఖు శనివారం. ఆ పొద్దున్న అవతలి డీలర్ కాగితాలు పట్టుకుని వస్తానన్నాడు. నెల బాగుంటే పొమ్మంటాను. లేకపోతే సంతకం పెట్టేస్తాను. నీకు ముందే చెప్తున్నాను."

నన్ను గేటు దాకా దిగబెడతానన్న మాట గుర్తొచ్చింది. అసలు మరిచిపోతేగా.

ఆ నెలంతా బాగానే నడిచింది. చివరి లారీ వస్తే, ఆ కార్లు వెళ్తే, మేమే ముందు. ఆ చివరి లారీ కార్లు తెచ్చే ఓడ ఆలస్యమైంది. రేవులోంచి బయటపడి మా యార్డుకి వచ్చేసరికి గురువారం సాయంత్రం. శుక్రవారం నెలాఖరు. రాత్రి కొట్టు మూసేలోపు తాళాలు చేతులు మారితేనే ఆ నెల లెక్కలోకి వస్తాయి. కార్లలో సగానికి పైగా మనవాళ్ళవే. నాకేం భయం లేదు. ఇంటికెళ్ళి ఫోన్లు మొదలుపెట్టాను.

"ఇవాళ అష్టమి కదండీ," అన్నాడు మొదటి డాక్టరు.

"రేపు తీసుకోండి."

"రేపు నవమి. ఎల్లుండి దశమి, బ్రహ్మాండంగా ఉంది. శనివారం పొద్దున్నే వచ్చేస్తాం. ఒక్కరోజేగా."

రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లో అదే. వరంగల్ తమ్ముడైతే, "అన్నా, మాస్టారు వద్దన్నరు, నేనేం జెయ్య," అన్నాడు. మాస్టారంటే ఒక డాక్టరు గారి నాన్నగారు. రిటైరైన హెడ్మాస్టరు, కొడుకు దగ్గరికి ఆర్నెల్లకని వచ్చారు. ఇంటినుంచి తెచ్చుకున్న పంచాంగం తలగడ దగ్గరే ఉంటుంది. ఆదివారం భోజనాల్లో అందరికీ తిథులు చెప్పేది ఆయనే.

నేను ఫోను పెట్టేసి కూర్చున్నాను. ఓడకి పట్టిన ఆలస్యం, అష్టమి, నవమి, మూడూ కలిసి తెల్లబూట్లాయనకి కొట్టు కట్టబెడుతున్నాయి. మా ఆవిడ డ్యూటీకి తయారవుతోంది.

"మీరు ఆటోనగర్లో లారీవోళ్ళకి చూసేవారుగా," అంది జడ వేసుకుంటూ. "మనింట్లోనూ కాలెండరుందిగా. చూడండి ఒకసారి."

వంటింటి గోడకున్న కాలెండరు చూశాను. శుక్రవారం గడిలో నవమి, తెల్లవారుజామున రెండున్నర దాకా. అది చూసి అక్కడే నిలబడిపోయాను. రెండున్నర ఎక్కడి రెండున్నర? మేమందరం ఏళ్ళ తరబడి బెజవాడ గడియారం న్యూజెర్సీ గోడకి తగిలించుకుని, దాని ప్రకారం ఉపవాసాలుంటున్నాం.

వెంటనే మాస్టారింటికి వెళ్ళాను. ఆయన సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, నవమి పోయేది మనూళ్ళో శుక్రవారం రాత్రి తెల్లవారితే రెండున్నరకి కదా. చంద్రుడు అక్కడొకడు, ఇక్కడొకడు లేడు. అక్కడ రెండున్నరైనప్పుడు ఇక్కడ ఎంతవుతుంది?"

ఆయన నా వంక అనుమానంగా చూశారు. "ఉదయానికున్న తిథే రోజంతా చెప్పుకుంటాం నాయనా."

"పండగకి సరే. ముహూర్తానికి?"

"ముహూర్తానికి అప్పుడు నడిచే తిథే," అన్నారు, ఒప్పుకోక తప్పక.

"అయితే పదిన్నర గంటలు వెనక్కి లెక్కేస్తే, శుక్రవారం సాయంత్రం నాలుగుకి ఇక్కడ దశమి వచ్చేస్తుంది."

మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. మళ్ళీ లెక్కపెట్టుకున్నారు. "తప్పు," అన్నారు.

నేను ఆయన పంచాంగం అందుకోబోయాను.

"ఎండాకాలం వచ్చిందని ఇక్కడివాళ్ళు గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుకున్నారుగా. మావాడు గోడెక్కి తిప్పుతుంటే నేనే చూశాను. తేడా తొమ్మిదిన్నరే. నాలుగు కాదు, ఐదు." అని నవ్వారు. "నాలుగింటికి తాళాలిచ్చి ఉంటే నవమిలో అంటగట్టేవాడివి. రాహుకాలం పొద్దునే పోతుంది. ఐదు తర్వాత దివ్యంగా ఉంది. ఫోన్లు నేను చేస్తాలే, నువ్వు చేస్తే అమ్ముకోడానికి చెప్తున్నావనుకుంటారు."

శుక్రవారం మధ్యాహ్నం తెల్లబూట్లాయన రోడ్డు దాటి వచ్చాడు. మిగతావి పొద్దున్నే వెళ్ళిపోయాయి, మనవాళ్ళ కార్లన్నీ కడిగి వరసగా పెట్టాను. ఆయన ముసలాయనకి చెయ్యి ఊపి, యార్డు ఈ చివర నుంచి ఆ చివరకి అడుగులు వేస్తూ కొలుచుకున్నాడు. ఒకచోట ఆగి కాలితో నేలని తట్టి చూశాడు, స్తంభం ఇక్కడ పాతాలి అన్నట్టు.

"కార్లు మంచి అందంగా ఉన్నాయి," అన్నాడు నాతో. "ఎవరూ తీసుకెళ్ళకపోతే కార్లకి ఆ అందం వస్తుంది."

"ఐదు దాకా ఉండండి సార్," అన్నాను.

"ఐదుకేంటి?"

"చంద్రుడు కదులుతాడు."

నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. ఆ మాట మొహంలోనే కనిపించింది. కానీ వెళ్ళలేదు, ముసలాయన కుర్చీలో కూర్చున్నాడు.

ఐదు కొట్టింది. హైవే మీంచి ఒక పాత కారు లోపలికి తిరిగింది. వెనక ఇంకోటి. ఇంకోటి. చీరల్లో ఆడవాళ్ళు, టైలు వదులు చేసుకున్న డాక్టర్లు, పిల్లలు, ముందు సీటులో పంచాంగంతో మాస్టారు. అందరూ ఒకేసారి దిగేసరికి యార్డు పెళ్ళి విడిదిలా అయిపోయింది. ఎవరి కారు చక్రాల కింద వాళ్ళు నిమ్మకాయలు పెట్టారు. కుంకుమ బొట్లు పెట్టారు. మా ఆవిడ డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా నాలుగు కొబ్బరికాయలు పట్టుకొచ్చింది. గడ్డి మిషన్ల పక్కన పడి ఉన్న సుత్తితో ముసలాయనే కొట్టిచ్చాడు. మొదటి కాయ నీళ్ళు ఎగిరి తెల్లబూట్ల మీద పడ్డాయి. నేను క్షమాపణ అడగలేదు.

"అన్నా, తాళమియ్యి, దశమి అయిపోతది," అంటున్నాడు వరంగల్ తమ్ముడు.

"రేపు కూడా ఉంటుంది తమ్ముడూ."

"రేపుంటే మరి ఇయాల ఎందుకు ఉరికిచ్చినవ్?"

ఒక్కో కారు నిమ్మకాయలు తొక్కుకుంటూ గేటు దాటింది. చివరిదాంతో పాటు మా ఆవిడా ఇంటికి వెళ్ళేసరికి ఖాళీ యార్డులో చితికిన నిమ్మకాయలు, మేము ముగ్గురం. మూడోవాడు, తెల్లబూట్లాయన, ముసలాయన కుర్చీలోంచి లేచాడు.

"రేపు పొద్దున రానక్కర్లేదు," అన్నాడు ముసలాయన అతనితో. గేటు దాకా ఆయన్ని నేనే దిగబెట్టాను. నాకు కావలసింది అదే. కావాలని, పక్కనే, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను.

అక్కడితో నా కసి తీరిందని ఎవరైనా అనుకుంటే, నా సంగతి వాళ్ళకి తెలియదు.

తర్వాత మేం రేకుల షెడ్డు తీసేసి అద్దాల హాలు కట్టాం. కంపెనీ వాళ్ళు ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య ఫ్యాక్టరీ పెట్టారు. ఓడల కోసం ఎదురుచూడటం తగ్గింది, ఇక్కడివాళ్ళే బిగించిన కార్లు లారీల్లో వచ్చేవి. ఖరీదైన కార్లకని కంపెనీ వేరే పేరుతో వేరే కొట్లు పెట్టేరోజులు కూడా వచ్చాయి. అటు పక్క పొడుగు కార్లు ఎండకి ఎండి, వానకి తడిసి, చివరికి బ్యాంకు వాళ్ళు వచ్చి తోలుకుపోయారు. జెండా దించిన రోజు నేను పని మానుకుని, రోడ్డు పక్కన నిలబడి, ఆఖరి తాడు ఊడేదాకా చూశాను.

ఆ యార్డుని మేమే అద్దెకి తీసుకున్నాం, కొత్త కార్లు నిలుపుకోడానికి. వెనక గదిలో సామాన్ల కింద సమ్మెట దొరికింది. కొన మీద ఆకుపచ్చ రంగు ఇంకా ఉంది. తెచ్చి నా గదిలో గోడకి ఆనించి పెట్టాను. కంచె లోపల, అతని పేరు రాసిన పార్కింగు చోటులో, ప్రతి పొద్దునా మా పసుపు కారు పెట్టేవాణ్ణి. ఇంకో మంచి కారు కొనుక్కోగలిగినా, అక్కడ పెట్టడానికని దాన్ని అమ్మలేదు.

కొన్నాళ్ళకి ఆయనే వచ్చాడు. జుట్టు పలచబడింది. బూట్లు తెల్లవే. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, చిన్న కారు కావాలి అన్నాడు. నన్ను చూసి తడబడలేదు. "ఇప్పుడివి ఇక్కడే చేస్తున్నారుగా, ఒహాయోలో. మనవాళ్ళు చేసిన కార్లే. అప్పుడు నా గొడవ కార్లతో కాదు," అన్నాడు.

"అందరి తర్వాత వరసలో ఉంటారు," అన్నాను. నిజంగానే అందరి తర్వాత పెట్టాను. ముందుకి జరపలేదు, వెనక్కీ జరపలేదు. తప్పు చేసి ఆయనకి మాట దొరికేలా చేయడం ఇష్టం లేదు.

అతని వంతు వచ్చింది. ఆకుపచ్చ రంగుది దిగింది. నేను అడగలేదు, లారీలో అదే వచ్చింది. కడిగించాను. హాలు నిండా జనం ఉన్న శనివారం పూట రమ్మన్నాను. తాళాలు అతని చేతిలో పెట్టాను. లోపలికి వెళ్ళి సమ్మెట తెచ్చి, కారు ముందు బంపరుకి ఆనించాను.

"మొదటి దెబ్బ మీది సార్," అన్నాను. "ఉచితం."

హాల్లో జనం ఇటు తిరిగారు. వాళ్ళ అమ్మాయి ఒకసారి నన్ను, ఒకసారి వాళ్ళ నాన్నని చూసింది. ఏం జరుగుతోందో ఆమెకి తెలియదు. అతని మొహం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. అన్నేళ్ళూ కాఫీతో పాటు నేను ఊహించుకున్న మొహం అచ్చంగా అదే. తృప్తిగా చూశాను.

ఆయన వంగి సమ్మెట తీసుకున్నాడు. ఒక క్షణం నేను కూడా భయపడ్డాను. "ఇది నాది," అన్నాడు. డిక్కీ తెరిచి లోపల పడేసి, మూసి, అమ్మాయిని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

అది నేను ఊహించలేదు. సమ్మెట పోయినందుకు రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. దాన్ని గోడకి ఆనించి పెట్టుకోవాలని, వచ్చినవాళ్ళు అడిగితే చెప్పాలని ఉండేది.

తర్వాత ఆ కారు సర్వీసుకి వచ్చింది. అమ్మాయి తెచ్చింది. మెకానిక్కులు దాన్ని లోపలికి తీసుకెళ్ళాక డిక్కీ తెరిచి చూశాను. సమ్మెట అక్కడే ఉంది, స్టెప్నీ పక్కన. తండ్రి తీయలేదు, కూతురికి తెలియదు. ఆ తర్వాత వచ్చినప్పుడూ ఉంది. ఆ బరువుకి ఆ కారు ఎంత పెట్రోలు ఎక్కువ తాగుతుందో, అక్కడే నిలబడి లెక్క కట్టాను. చాలా కొంచెం. కానీ ప్రతి మైలుకీ. డిక్కీ మూసి, దాని సంగతి ఎవరికీ చెప్పకుండా, తాళాలు అమ్మాయికి ఇచ్చి పంపించాను.